బోలుగా మోగిన చీజ్

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే మధ్యలో ఆపి అడ్డు ప్రశ్నలు వేసే రకం నేను. లైటు ఎటు ఉంది, ఎంత దూరం నుంచి చూశావు, ఆ పూట నిద్రపోయావా లేదా అని అడిగేదాన్ని. మస్కట్‌లో ఒక స్కూల్లో పదహారేళ్లు ఫిజిక్స్ చెప్పాను, సైన్స్ హెడ్‌గా కూడా చేశాను. శబ్దం పాఠం ఏటా నాదే. అందుకే ఇది రాయడానికి నాకే కాస్త సిగ్గుగా ఉంది. ఇందులో దయ్యం లేదు. ఒక చీజ్ దిమ్మ ఉంది.

విజయ అదే స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. పన్నెండేళ్ల స్నేహం. ఇద్దరం ఉద్యోగాలు మానేసి మస్కట్‌లోనే పాత బజారున్న మత్రాలో చిన్న శాండ్‌విచ్ షాపు పెట్టాలనుకున్నాం. ఇక్కడ బడివారం మొదలయ్యేది ఆదివారం; ఆ రోజే ఇద్దరం కలిసి రాజీనామాలు ఇవ్వాలి. మా ఇంటికి స్థిరమైన ఆధారం నా ఉద్యోగమే, అయినా కాగితం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, షాపుకి చీజ్ ఎంచుకుందామని తీరం వెంబడి ఉన్న సువైక్ అనే ఊరు వెళ్లాం.

అక్కడ ఖర్జూర తోటల మధ్య ఒక ముసలి ఇటాలియన్ తమ ఊరి పద్ధతిలో చీజ్ చేస్తాడు. శుక్రవారాల్లో చూడడానికి వచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లి, పాలు కాచే రాగి కాగులు చూపించి, చివర్లో రుచికి ముక్కలు పెడతాడు. ఆయన ఇంగ్లీషు సగం ఇటాలియనే. అర్థం కానిది ఖాజా తెలుగులో చెప్పాడు. ఖాజాది కడప, ఏడేళ్లుగా అక్కడ దిమ్మలు తిప్పి తుడిచే పని. ముసలాయనను ముదీర్ అంటాడు, అరబీలో మేనేజరని.

చల్లటి గదిలో చెక్క అరల మీద దిమ్మలు, ఒక్కోటి స్కూటర్ టైరంత. వాటిని చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటారు. లోపల గట్టిగా ఉంటే మొద్దు శబ్దం. ఖాళీ ఉంటే డబ్బా మోగినట్టు మోగుతుంది. ఇద్దరు కలిసి ఒక దిమ్మ కొంటే, ఇద్దరూ కొట్టి విని సరేనన్నాకే కోయడం వాళ్ల ఊరి ఆచారమట.

మేం ఒకటి ఎంచుకున్నాం. ముసలాయన కొట్టాడు, మొద్దు శబ్దం. విజయ కొట్టింది, అదే. నేను కొట్టాను. ఖాళీ స్టీలు బిందెలా మోగింది.

సుత్తి పట్టు మార్చాను. ముసలాయన కొట్టిన చోటే మళ్లీ కొట్టాను. అదే మోత. పక్క దిమ్మను కొడితే మామూలుగానే ఉంది.

"ఇందులో ఖాళీ ఉంది," అన్నాను.

"చీజ్‌తో కూడా వాదన పెట్టుకున్నావా తల్లీ," అంది విజయ. "నాకేం తేడా లేదు. ఖాజా, నీకేమన్నా వినిపించిందా?"

ఖాజా ముసలాయన వైపు చూసి, "లేదు మేడమ్," అన్నాడు.

నేను ఊరుకుంటానా. కోసి చూపించమన్నాను. ముసలాయనకు కోపం వచ్చింది, అయినా కోశాడు. లోపల సూది మొన దూరే సందు లేదు. నాలుగు ముక్కలు చేయించాను. ఎక్కడా లేదు. విజయ ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టి నవ్వింది. రుచి అద్భుతంగా ఉంది, అదింకో అవమానం.

దారంతా ఏడిపించింది. "ఆదివారం ప్రిన్సిపాల్ టేబుల్ కూడా సుత్తితో కొట్టి చూస్తావా ఏంటే?"

నేనూ నవ్వాను. కానీ ఆ మోత విన్నప్పుడు నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగు మీదకు వెళ్లింది. ఆ కాగితం ఇవ్వకూడదని గట్టిగా అనిపించింది. కారణం లేని అనుమానాలకు విలువివ్వను కాబట్టి దాన్ని అక్కడే నొక్కేశాను.

ఆదివారం మొదటి పీరియడ్‌కి ముందే ఇచ్చేశాను. విజయ మధ్యాహ్నం ఇస్తానంది. ఇవ్వలేదు. మూడు రోజులకు నోటీసు బోర్డు మీద సైన్స్ హెడ్‌గా ఆమె పేరు చూశాను. ప్రిన్సిపాల్‌ని అడిగితే తెలిసింది, నేను వెళ్లిపోతున్నానని నెల ముందే చెప్పి నా పోస్టు తనకిమ్మని అడిగిందట. అంటే నా నోట్లో ఆ ముక్క పెట్టేనాటికే.

"మా ఆయన షాపు వద్దన్నాడే. నీకెలా చెప్పాలో తెలియలేదు," అంది.

ఆ ఇంట్లో ఏ కూర వండాలో కూడా చెప్పే ధైర్యం లేని మనిషి ఆయన.

"ప్రిన్సిపాల్‌కి ఎలా చెప్పాలో మాత్రం తెలిసిందా?" అన్నాను.

రెండు వారాల తర్వాత ఒక్కదాన్నే సువైక్ వెళ్లాను. ఖాజాని బయట ఆపి అడిగాను. చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నాకూ ఇనపడింది మేడమ్. మీరు కొట్టినప్పుడు మటుకే."

"మరి ఆ రోజు లేదన్నావేం?"

"ముదీర్ ముందర ఆయన సరుకు బాగలేదని నేనెట్ల చెప్పేది? డ్యూటీ పోతాది. అయినా కోస్తే గట్టిగానే ఉండె కదా. నేనూ చూస్తి."

గది చల్లదనం, చెక్క అర, సుత్తి పడిన కోణం, అన్నీ ఆలోచించాను. అవే కారణమైతే మిగతా ఇద్దరు కొట్టినప్పుడూ మోగాలి. ఉద్యోగం వదులుతున్న భయం నా చెవిలో దూరిందనుకుందాం. మరి ఖాజాకు ఎందుకు వినిపించింది?

విజయ చేసినదానికి కారణం అడిగితే దొరికింది. దీనికి దొరకలేదు. ఆ గదిలో ఆ కాగితం ఇవ్వొద్దని నాకు ఏది చెప్పిందో, నాకే ఎందుకు చెప్పిందో తెలియదు. నేను మాత్రం దాన్ని రెండుగా, ఆపైన నాలుగుగా కోయించి, అబద్ధమని అందరి ముందూ రుజువు చేశాను.