గట్టు మీద చల్లిన పూల విత్తనాలు

మామిడి పూతకు తేనెటీగలు రావాలని, బేరిగై దగ్గర మా తోట గట్టు మీద అడవి పూల విత్తనాలు చల్లాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన పొట్లం అది. నువ్వులు చల్లేటప్పుడు మా ఇంట్లో చేసినట్టే ఇసుకలో కలిపి గట్టు పొడవునా వెదజల్లాను. ఆ తరువాతే పొట్లం మీది పేర్లను వరుసగా ఫోన్లో వెతికాను. చివరి మొక్క మేకలకు విషమని ఉంది.

ఆ గట్టు మీద మేకలు మేపుకునే అవ్వ అప్పుడే మందతో వస్తోంది. ఎదురు పరుగెత్తి విషయం చెప్పాను.

"అది యాదో చూపించప్పా, పీకేస్తాను."

"ఇంకా మొలవలేదవ్వా. ఇసుకతో కలిపి చల్లేసినాను. యాడ పడినాయో నాకే తెలీదు."

"బాగుందప్పా! నా మేకలకు పాడె కట్టి, పైన పూలు గూడా నువ్వే పరిచినావు." నవ్వుతూనే అంది గాని, ముందున్న మేకను కొమ్ము పట్టి వెనక్కి లాగింది.

సాయంత్రం వాన పడింది. మరునాడు గట్టు పైమట్టిని పారతో గీకి సంచులకెత్తాను. అయినా నెర్రెల్లోకి దిగిన గింజలు ఎన్నో తెలియదు. పచ్చగా ఏది కనిపించినా, గరికైనా సరే, పీకేస్తున్నాను. అవ్వ ఇటు రావడం మానేసింది. పొద్దున్నే ఆమె దొడ్డి దగ్గరికి పోయి, మేకలన్నీ లేచి నిలబడ్డాయా అని చూసి వస్తున్నాను.