మా టీచర్ వేయించిన నాటకం

మా సోషల్ టీచర్ పోయారని నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నరసరావుపేటలో కాలేజీ బయట బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ టీచరమ్మ పోయిందమ్మా. కారంపూడి బస్సెక్కి వచ్చెయ్," అన్నాడు మెత్తగా. ఒకప్పుడు ఆమె పేరెత్తితేనే మండిపడ్డ మనిషి. ఆయన గొంతు అట్లా వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

రిటైరైన కొత్తల్లో ఆమె మా ఊళ్ళో నాటకం వేయిస్తానని బయలుదేరారు. హైస్కూలు పిల్లలం ఒక్కొక్కరం ఒక్కో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ బతుకులో జరిగిన ఒక సంగతి వినాలి. దాన్ని వాళ్ళ మాటల్లోనే, వాళ్ళు పక్కన కూర్చుని ఉండగా, స్టేజీ మీద చెప్పాలి. ముసలివాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాం. ఎవరికి ఎవరో చెప్పాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

నాకు కింద బజారు మామ్మ వచ్చింది. మాది పై బజారు. కాలువ నీళ్ళ గొడవలో ఆమె భర్త కాలు విరగ్గొట్టింది మా తాతయ్య మనుషులే. నేను పుట్టకముందు సంగతి. అయినా రెండిళ్ళ మధ్య పలకరింపు లేదు.

"తెలీక కలిపారేమో, మార్చండి టీచర్," అన్నాను.

"తెలిసే కలిపాను," అన్నారు. అంటూనే బుగ్గన లవంగం పెట్టుకున్నారు. లోపల బెరుకుగా ఉంటే ఆమెకు అది అలవాటు. ఆ నాటకం అయ్యేదాకా ఆమె దగ్గర ఎప్పుడూ లవంగం వాసనే.

మామ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుండేది. మొదటి రోజు నావైపు చూడనే లేదు. నేనూ కొన్ని కాయలు ముందుకు లాక్కుని తొడిమలు తీశాను. ఘాటుకి దగ్గొస్తే చెంబుతో నీళ్ళు పెట్టింది. నేను తటపటాయించాను.

"తాగు. అందులో ఏం కలపలేదులే," అంది.

తాగాను. అప్పుడు మొదలుపెట్టింది. భర్తని మంచం మీద మోసుకొచ్చిన సాయంత్రం, పొయ్యి మీద అన్నం, తలుపు వెనక దాక్కున్న పిల్లలు. అంతా చెప్పి, "ఇది మీ నాయన ముందు చెప్పగలవా?" అని అడిగింది.

రిహార్సల్లో టీచర్‌గారిది ఒకటే మాట. "ఎవరు కొట్టారో చెప్పొద్దు. ఎట్లా నొప్పెట్టిందో చెప్పండి."

సంగతి తెలిసి నాన్న ఆమె ఇంటికి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"మా పిల్ల చేతే మమ్మల్ని తిట్టిస్తారా? ఏందిది టీచరమ్మా?"

"ఒక్క తిట్టు వినబడినా ఆపేద్దువుగాని నాయనా. వచ్చి ముందు కూర్చో."

"కూర్చుంటా. తేడా వస్తే మాత్రం మీ స్టేజీ మిగలదు."

నాటకం రోజు స్కూలు ఆవరణలో పై బజారు ఒక పక్క, కింద బజారు ఒక పక్క కూర్చున్నారు. మధ్యలో దారి. నా వంతు వచ్చింది. మామ్మ పక్కన నిలబడి, "మా ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. అప్పుడే అన్నం పొయ్యి మీద పెట్టా," అన్నాను. నాన్న లేచాడు. అటునుంచి మామ్మ కొడుకు లేచాడు. అతని వెనక ఇంకొందరు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. నేను చెప్పడం ఆపేశాను.

టీచర్‌గారు వచ్చి ఆ దారి మధ్యలో నిలబడ్డారు. నాకేసి తిరిగి, "చెప్పమ్మా," అన్నారు. నేను మామ్మ వైపు చూశాను. మామ్మ నా మణికట్టు పట్టుకుని తనే లేచింది.

"అన్నం మాడిపోయింది. పిల్లలు ఆకలని ఏడుస్తన్నారు. దొడ్డిదారిన ఒక మనిషి అన్నం గిన్నె తెచ్చిపెట్టి పోయింది. పేర్లు చెప్పొద్దంది టీచరమ్మ. అయినా చెప్తన్నా," అని నాన్న వైపు తిరిగింది. "మీ అమ్మేరా."

నాకెప్పుడూ చెప్పని మాట అది. సొంత కొడుక్కీ చెప్పినట్టు లేదు, అతను నోరు తెరిచి చూస్తున్నాడు. మా నాయనమ్మ అప్పటికే పోయింది, నాన్న అడుగుదామన్నా మనిషి లేదు. ఆయన మెల్లగా కూర్చున్నాడు. అది చూసి అటువాళ్ళూ కూర్చున్నారు.

తర్వాత నేనొకసారి అడిగాను, భయం వేయలేదా టీచర్ అని.

"వేసింది. మామ్మ ఆ మాట చెబుతుందని నాకు మాత్రం ఏం తెలుసు? అటూ ఇటూ అయితే మీ తలలే పగిలేవి. మంచిపని చేశానని నన్ను మెచ్చుకోకమ్మా," అన్నారు.

ఆ నాటకంతో రెండిళ్ళూ కలిసిపోలేదు. పెళ్ళి పిలుపులు ఇప్పటికీ లేవు. పండక్కి ఊరెళ్ళినప్పుడు నేను మామ్మ దగ్గరికి వెళ్తాను, నాన్న ఎక్కడికని అడగడు. నాకు అంతవరకు దారి ఇచ్చింది టీచర్‌గారే.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. మామ్మ కర్ర పట్టుకుని గోడ వారగా నిలబడి ఉంది. నాన్న షామియానా కిందనుంచి ఒక కుర్చీ తెచ్చి మామ్మ పక్కన వేశాడు. అక్కడ నాపరాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మామ్మ మెల్లగా వంగి కూర్చునేదాకా, నాన్న కుర్చీ కదలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.