రొయ్యల పక్కన గని రాయి

ఆ గని ఎక్కడో మంచు కొండల్లో ఉంది. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. సముద్రం ఒడ్డున ముత్తుకూరు దగ్గర ఒక చిన్న డిజైన్ ఆఫీసులో కూర్చుని దానికి ఫ్లోటేషన్ ప్లాంటు గీశాను. రాతిని మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, మందు వేసి గాలి ఊదితే, బంగారం, వెండి ఉన్న రేణువులు బుడగలకు అంటుకుని నురుగుతో పైకొస్తాయి. ఆ నురుగు తీసే తొట్లు ఎన్ని కావాలో, ఎంత పెద్దవి కావాలో నేను తేల్చాలి. అందుకు ఆధారం గని నుంచి వచ్చిన దాదాపు టన్ను రాయి. మంచుకు దారి మూసుకుపోయింది కనక మళ్ళీ వేసవి దాకా రాయి రాదు. డ్రాయింగులు మాత్రం అంతకుముందే కావాలన్నారు గని వాళ్ళు.

మొదటి పరీక్షలో వెండి బాగా తేలింది. రెండోదానిలో తగ్గింది. మూడోదానిలో ఇంకా తగ్గింది. మందు, నీళ్ళు, నూరే సమయం, గాలి, ఒక్కొక్కటీ విడిగా మార్చి చూశాను. వాటిలో ఏదీ కాదు. రాయే మారుతోంది. అది గంధకం ఉన్న రాయి. సముద్రపు తేమకు రేణువు మీద పొర కడుతోంది, పొర కట్టిన రేణువు బుడగకు అంటదు.

"చల్లగా ఉంచాలి," అన్నారు ఆఫీసు నడిపే మా మేడమ్.

మా ఆఫీసు ల్యాబ్ ఫ్రిజ్‌లో ఒక్క సంచి కూడా పట్టదు. రాతి సంచులను రొయ్యల కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాను. అక్కడి మేనేజరు ఒక సంచి మూతి విప్పి చూశాడు.

"ఏంది అబ్బయా, రాళ్ళు గూడా కుళ్ళిపోతాయా?"

"ఇవి పోతాయన్నా."

"సరే పెట్టుకో. రొయ్యల కంపు పట్టిందని మళ్ళా నన్ను అడగబాక."

గడ్డకట్టిన సంచి నుంచి తీసి పరీక్షిస్తే వెండి మళ్ళీ పైకొచ్చింది. మిగిలిన రాయితో రెండు పెద్ద పరీక్షలు చేయవచ్చు. ఒకటి లెక్క కట్టడానికి, ఒకటి సరిచూసుకోవడానికి.

ఇంతలో అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో తెల్లమచ్చ రోగం వచ్చింది. ఉన్న రొయ్యలైనా దక్కించుకుందామని రైతులంతా ఒకేసారి పట్టేశారు. మేనేజరు ఫోన్ చేశాడు.

"నీ రాళ్ళు తీసకపో అబ్బయా. లారీలు గేటు కాడ నిలబడుండాయి."

"కొన్నాళ్ళు ఆగన్నా. ఇవి పాడైతే మళ్ళీ దొరకవు."

"వాళ్ళ రొయ్యలు దొరుకుతాయా? నువ్వే వచ్చి చెప్పు వాళ్ళకి."

వెళ్ళాను. లారీల కింద మంచునీళ్ళు కారుతున్నాయి. ఒక రైతు బోర్లించిన ట్రే మీద కూర్చుని నా సంచుల వైపు చూస్తున్నాడు. నేను సంచులను ట్రాలీ ఆటోలోకి ఎక్కించాను. మరో చోట అడుగుదామంటే చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలన్నీ అలాగే నిండిపోయాయి.

"కరిగేలోపు ఉన్న రాయంతా ఒకేసారి నడిపేద్దాం," అన్నారు మేడమ్. "సరిచూసుకోవడానికి ఇంక మిగలదు, తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

నడిపాం. వెండి మొదటిసారి వచ్చినంత రాలేదు, మూడోసారి పడిపోయినంతగా పడిపోనూ లేదు. ఆ తేడా రాయిదా, దారిలో తగిలిన ఎండదా అని తేల్చడానికి రాయి లేదు. మేడమ్ అంకెలు చూసి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఏం చేద్దాం?"

"వరసకో తొట్టి పెంచుదాం మేడమ్. ఎక్కువైతే ఖాళీగా ఉంటుంది. తక్కువైతే వెండి చివర పారబోసే తోకనీళ్ళతో పోతుంది."

"పెంచు," అన్నారు.

తొట్టి పెరిగితే షెడ్డు పొడవు పెరుగుతుంది. పునాదులు, గొట్టాలు, గాలి యంత్రం, కరెంటు, అన్నీ మళ్ళీ గీయాలి. పూర్తయిందనుకున్న మొదటి షీటు తెరిచి, షెడ్డు చివరి గోడను చెరిపేశాను.