తలుపు మీద మంచం

మా అమ్మాయికి ఒకటో తరగతి చెప్పిన టీచరుగారు మొన్న మంగళవారం ఏలూరులో కన్నుమూశారు. కబురు ఫోనులో మెసేజీగా వచ్చింది. చెరువు గట్టు మీద నిలబడి, ఎవరి సాయం లేకుండా నేనే చదువుకున్నాను. చదవగలిగానంటే ఆవిడ చలవే. అందుకే ఏడుపుతో పాటు కాస్త గర్వం కూడా వచ్చింది, ఏం చెయ్యను!

నాలుగేళ్ల కిందటి దాకా నాకు సంతకం తప్ప ఏమీ రాదు. ఆ సంగతి మా ఆవిడకి తెలుసు, అమ్మాయికి తెలియదు. దానికి తెలియకూడదనే నా భయమంతా. "మా నాన్నకి అన్నీ వచ్చు" అని బడంతా చెప్పుకునేది మరి.

టీచరుగారు అక్షరాల కన్నా ముందు మాటలు చూపించేవారు. "మనిషిని చూడగానే గుర్తుపడతాం కదండీ, ముక్కూ చెవులూ లెక్కపెడతామా? మాటనీ అంతే, మొహం చూసి గుర్తుపట్టాలి" అనేవారు. ఒకసారి పిల్లలందరికీ అట్టముక్కల మీద మాటలు రాసిచ్చి, ఇంట్లో ఆయా వస్తువులకి పెద్దవాళ్ల చేత అంటించుకోమన్నారు. మా ఆవిడ చూస్తే గణపవరంలో పుట్టింట్లో ఉంది. చచ్చానురా దేవుడా అనుకున్నాను. అయినా తగ్గుతానా? మర్నాడు అమ్మాయి బడి నుంచి వచ్చేలోగా అన్నీ అంటించేశాను.

ఆ సాయంత్రం అమ్మాయితో పాటు టీచరుగారూ వచ్చారు. తలుపు మీద 'మంచం', బిందె మీద 'తలుపు', ఆవిడ కూర్చున్న కుర్చీ మీద 'మేక'. మాకసలు మేకే లేదు. ఆవిడ అన్నీ చూసి, నా మొహం చూశారు.

"అమ్మో, మీ నాన్నగారు గట్టివారే! నీకు పరీక్ష పెట్టారు. కావాలనే తారుమారు చేశారు. ఏదీ, సరిచెయ్యి చూద్దాం" అన్నారు అమ్మాయితో.

"టీచరుగారూ, లేవండి, మీరు మేక మీద కూర్చున్నారు!" అంటూ అది గంతులేసింది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర మెల్లగా, "ఏవండీ, రోజూ ఓ అరగంట బడికి రాగలరా? కార్డులు పట్టుకోవడానికి మనిషి కావాలి" అన్నారు. ఆ ఏడాదంతా కార్డులు పట్టుకుని, పిల్లలు అరిచే మాటలు వింటూ నేర్చుకున్నాను. "తెలియని మాట దగ్గర ఆగిపోకండి. చివరిదాకా చదివి మళ్లీ వెనక్కి రండి, అదే దొరుకుతుంది" అనేవారు. చెప్పేది పిల్లలకే, కళ్లు మాత్రం నా వైపు.

ఒకరోజు తాడేపల్లిగూడెం బస్టాండులో ఎవరినీ అడగకుండా, బోర్డు చూసి గణపవరం బస్సెక్కాను. దారిలో కనబడ్డ బోర్డులన్నీ పైకే చదివేశాను. పక్కాయన లేచి వేరే సీటుకి వెళ్లిపోయాడు. ఇది చెబితే టీచరుగారు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

అప్పటి పరీక్ష నిజంగా పరీక్షేనని మా అమ్మాయి ఇప్పటికీ నమ్ముతోంది. నేను రాస్తున్న ఈ కాగితం చదివితే తెలిసిపోతుంది. తెలియనీ, ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

నిన్న ఓ అట్టముక్క మీద నా చేత్తో రాసి, ఆవిడ ఆ రోజు కూర్చున్న కుర్చీకి అంటించాను. అమ్మాయి చూసింది.

"మళ్లీ పరీక్షా నాన్నా? కుర్చీ మీద 'టీచరుగారు' అని పెట్టావేంటి?"

"ఇది తప్పు కాదమ్మా. ఉండనీ" అన్నాను.