చెరకాకుల మీది బూజు

ప్లాస్టిక్ పందిరి కింద పెంచే మిరపకు, పురుగుల్ని సంపే బూజు పొడి కొట్టాలని మొన్న రేడియోల ఒకాయన జెప్తుంటె నాకు నవ్వాగలే. గా ముచ్చట నేను డెబ్బైలల్లనే బోధన్ దిక్కు చెరకు చేన్ల సూసిన. నా మాట ఎవడిన్నడు?

మాది కౌలు భూమి, మూడెకరాలు. "పంట మంచిగొస్తెనే మళ్ల మీకిస్త, లేకుంటె ఇంకొకనికి" అని పటేల్ మొఖం మీదనే జెప్పిండు. అది పోతె నేను, మా ఆయన మళ్ల కూలికి పోవుడే.

ముసురు పట్టినంక రసం పీల్చే పురుగు పడ్డది. ఆకు కదిలిస్తె సాలు, గుంపులు గుంపులు ఎగిరి మొఖానికి తగులుడు. మా ఆయనకు అన్న, నాకు బావ, ఒకాయన ఉండె; చక్కెర ఫ్యాక్టరీల చెరకు సూసే ఉద్యోగం. పది తప్పిండు గని ప్యాంటుకు మాత్రం ఇస్త్రీ! చేన్ల కాలు పెట్టకుండ గట్టు మీదనే నిలవడి రోగం జెప్తుండె.

కాలువ దిక్కు, తడి ఆరని కాడ, పురుగులు ఆకుకు అతుక్కోని సచ్చున్నయ్. వాటి మీద తెల్లబూజు, పాతవాటి మీద పచ్చబూజు. చెరకుకు మాత్రం ఏం గాలే. అక్కడి పురుగుకు గూడ బూజు అంటాలని, గా ఆకులు తెంపి అవుతలి సాళ్లల్ల చెరకుకు కట్టుకుంట పోయిన.

ఆదివారం చర్చి బయట బావ అందరి ముంగట అననే అన్నడు: "మా తమ్ముని పెండ్లాం చెరకుకు తాయెత్తులు కడ్తున్నది. ప్రభువు సాలలేదంట!" అందరు ఇకిలించిండ్రు. మా ఆయన తల దించుకున్నడు. థూ, గదీ మగతనం! తాయెత్తుల మాట పోవాలని తెల్లారే బావతోని మైలుతుత్తం, సున్నం నీళ్లు కొట్టిచ్చిండు. బూజును సంపే మందది, పురుగును కాదు. ఎద్దుకేమెరుక అటుకుల రుచి! కాలువ దిక్కుకు రాంగనే నేను సాలుకు అడ్డం కూసున్న. "నా మీద కొట్టుండ్రి" అన్న. కాలువ దిక్కు సగం చేను ఇడిసిపెట్టిండ్రు.

మందు కొట్టిన సగంల బూజు సచ్చింది, పురుగు బతికింది. ఆకులు ఎండినయ్. నా సగం పచ్చగ నిలవడ్డది.

పటేల్ చేను సూడ వచ్చిండు. బావ ముంగటికురికి, పచ్చగున్న దిక్కు చెయ్యి సూపి, "గిది నేను మందు కొట్టిచ్చింది పటేలా. ఎండింది ఈమె కొట్టనియ్యనిది" అన్నడు. సిగ్గు శరం లేని మనిషి! మా ఆయనకు అంత ఎరుకే. గాయన నా దిక్కు సూసి, అవునను అన్నట్టు కండ్లతోనే బతిమిలాడిండు.

"నిజమేనా? ఇకనన్న మీ బావ మాట ఇంటవా? ఇంటనంటె భూమి మీకే" అన్నడు పటేల్.

"తప్పయింది పటేలా, ఇంట" అన్న.

భూమి మాకే దక్కింది. మరుసటేడు ముసుర్ల బావ మళ్ల మందు డ్రమ్ము తెచ్చిండు. కాలువ దిక్కు గూడ కొట్టిచ్చిండు. అడ్డం కూసోనీకి నాకు మొఖం లేకుండె.