పడ్డ చాంపియన్‌కు పాలకేంద్రం దగ్గర తీర్పు

ఆలంపూర్ జోగులాంబ తల్లి మీద ఒట్టు. కిరాయి కారు నడిపిన రోజుల్లో యాత్రికులను దింపి ఆ గుడి ముందు నేను బండి ఆపని వారం లేదు, ఆ తల్లికి నా ముఖం బాగా గుర్తుంటుంది, తప్పించుకోలేను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

మొన్న ఆదివారం పొద్దున మా మేనకోడలు ఫోనుకు ఒక్క ముక్క పంపింది. "మామా, సూసినవా? మళ్లొక చాంపియన్ పడ్డడు." ఎక్కడో సముద్రాల అవతల, హెవీవెయిట్ బాక్సింగులో, ఎవడూ ఓడించలేడనుకున్నవాణ్ణి ఎవడూ లెక్కచేయనివాడు పడగొట్టాడట. అంతే సంగతి. కానీ అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే నడవాలనీ, నడిస్తే ఎటు పోవాలో తెలియకా ప్రాణం ఒకటే కొట్టుకుంటోంది. మా ఇంటామె చూసి చూసి, "కాలుగాలిన పిల్లి లెక్క గా తిరుగుడేంది, జర కూసో" అన్నది. కూర్చోలేక హైవే మీది హోటలుకు పోయాను. అక్కడ పదిమంది పది ఫోన్లలో ఆ గుద్దే చూస్తున్నారు. పక్కన కూర్చున్న పిలగాడు చూశాడు, ఇకిలించాడు, వేలితో పైకి తోశాడు, కింద నుంచి నాటుకోడి వండే వీడియో వచ్చింది. గంత పెద్దోడు పడ్డడు గదా, నీకేమనిపిస్తాంది అని అడిగితే, "ఎవడు పడ్డడు కాకా?" అన్నాడు.

మన ఈడువాళ్లకు చెబితేనే అర్థమవుతుంది. ఒకడు పడ్డాడంటే ఆ పడడానికి విలువెంతో తేలేదాకా మనకు అన్నం సయించేది కాదు. అది కాలుజారి పడడమా, కాలం తీరి పడడమా, ఎదుటివాడు గొప్పవాడై పడగొట్టడమా, ఇవి మూడూ వేరు వేరు సంగతులు, మూడింటికీ మూడు తీర్పులు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, కట్టంగూర్ పక్కన మా ఊళ్లో అట్లాంటి తీర్పే ఒకటి జరిగింది. మా అక్కను ఊళ్లోనే ఇచ్చాం. బావకు గొర్రెల మంద ఒకటి, బిడ్డ ఒకతి. ఆ బిడ్డ ఇంటర్‌లో చేరిన కొత్తలో కాలేజీ ఆటల సారు దగ్గర బాక్సింగు పట్టుకుంది, మహబూబ్‌నగర్‌లో జరిగిన ఎంపికలకు పోయి తనకన్నా పెద్ద పిల్లలను ఇద్దరిని ఓడించింది, ఆటల హాస్టలులో సీటు తెచ్చుకుంది. పదిరోజుల్లో చేరాలి. చేరకపోతే ఆ సీటు వెనక నిలబడ్డ పిల్లకు పోతుంది.

బావ పంపనన్నాడు. బాక్సింగంటే తెలియక కాదు, తెలిసే. చేతికి ఫోను వచ్చిన నాటినుంచి మంద వెంట తిరుగుతూ ఆయన చూసిందంతా గుద్దులాటలే. అప్పటి హెవీవెయిట్ చాంపియన్ బొమ్మను ఫోను తెర మీద దేవుడి పటంలా పెట్టుకున్నాడు. రాతిలో చెక్కినట్టుండేవాడు ఆ మనిషి. అన్ని పోటీలు చూసినవాడు కాబట్టే దెబ్బ ఎట్లా పడుతుందో బావకు తెలుసు. "సూసెటందుకు మంచిగనె ఉంటది. తినేది నా బిడ్డయితె నేను సూడలేను" అనేవాడు.

ఒక శనివారం సాయంత్రం పాలకేంద్రం దగ్గర పాలు పోసేవాళ్లంతా వరుసలో ఉండగా పిల్ల మళ్లీ అడిగింది. తెల్లవారితే ఆ చాంపియన్‌కు పోటీ ఉంది. ఎదుట దిగవలసినవాడు రాకపోతే ఆఖర్న ఎవడినో పట్టుకొచ్చారు, బొజ్జ వేలాడే మనిషి, మా మండలంలో కిరాణాకొట్టు నడుపుకునేవాడిలా ఉన్నాడు. బావ ఫోనులో వాడి బొమ్మ చూపించి, నవ్వి, "పో బిడ్డా, గీ బొజ్జోడు రేపు మనోన్ని పడగొడితె నిన్ను నేనే తీస్కపోయి దింపొస్త" అన్నాడు. కాకులు తెల్లబడ్డప్పుడు చూద్దాంలే అన్నట్టు అన్న మాట అది. కానీ అన్నది పదిమందిలో, అదీ పెద్దబాపు వింటుండగా.

పెద్దబాపు అంటే బావ తండ్రికి అన్న. ఊరంతా అదే పిలుపు. ఒకప్పుడు జాతరల్లో పొట్టేళ్ల పందేలకు ఏది గెలిచిందో చెప్పేవాడు. ఆ పందేలు ఆగిపోయి ఏళ్లయినా, గెలుపోటముల తగువు ఏదైనా ఆయన ముందుకే వచ్చేది.

ఆదివారం పొద్దున హోటలు టీవీ ముందు ఊరు ఊరంతా ఉంది. మొదట చాంపియన్ కొట్టిన దెబ్బకు బొజ్జాయన వెల్లకిలా పడ్డాడు, బావ అందరికీ ఛాయ్ చెప్పాడు. ఆ ఛాయ్ చేతికి వచ్చేసరికి పడ్డవాడు లేచాడు. లేచి కొట్టాడు. ఆ దెబ్బ చప్పుడుకు గోడ మీది బల్లి ఊడి బావ ఛాయ్ గ్లాసులో పడింది, ఒట్టు. ఆ తర్వాత చాంపియన్ పడుతూ లేస్తూ, లేస్తూ పడుతూ, చివరికి మూల తాళ్లకు చేతులాన్చి నిలబడిపోయాడు. రెఫరీ ముఖంలో ముఖం పెట్టి ఏదో అడిగాడు, చాంపియన్ ఏదో అన్నాడు, రెఫరీ చేతులూపేశాడు. పట్టం బొజ్జాయనకు పోయింది.

మా మేనకోడలు ఎగరలేదు, అరవలేదు. ఇంటికి పోయి బట్టలు సర్దుకుంది.

బావ మాత్రం ఒప్పుకోలేదు. ఆనాడు మనోడికి పాణం మంచిగా లేదన్నాడు, బొజ్జ చూసి అలక్ష్యం చేశాడన్నాడు, ఇది కాలుజారుడే తప్ప ఓడుడు కాదన్నాడు. హోటలు రెండు ముక్కలైంది. లోకంలో పెద్ద పెద్ద పత్రికలన్నీ ఆ వారం అదే చర్చ చేశాయని తర్వాత తెలిసింది, ఇది చరిత్రా, లేక ఒక పొరపాటు రాత్రా అని. వాళ్లకు అది రాతకు సంబంధించిన ముచ్చట. మాకు ఒక పిల్ల పోవడమా, ఉండడమా. రోజులేమో నాలుగే మిగిలాయి.

సోమవారం సాయంత్రం పాలు పోయడం అయ్యాక పెద్దబాపు కూర్చున్నాడు. పాలక్యానుకు ఫోను ఆనించి అందులో ఆ పోటీ పెట్టారు. ముందుగా తన పద్ధతి చెప్పాడు. "పడుడు ఓడుడు కాదురా. జారి పడ్డ పొట్టేలుకు ఇంకోపారి ఇడుస్తం. లేశినంక పిలిస్తె రాకుంట ముఖం తిప్పుకున్నదే ఓడినట్టు." చివరి ముక్కను మూడుసార్లు వేయించుకుని చూసి, ఆ నల్లప్యాంటాయన ఏమడిగిండు, ఈయనేమన్నడు అని అడిగాడు. అంతా ఇంగ్లీషు. యాత్రికులతో తిరిగినవాణ్ణి కాబట్టి అందరూ నా వైపు చూశారు.

నేను లేచి, గొంతు సవరించుకుని, "కొట్లాడుతవా అనడిగిండు పెద్దబాపూ, నాతోని కాదు సారూ, నన్నిడువుండ్రి అన్నడు" అని చెప్పాను. అది శుద్ధ అబద్ధం. చాంపియన్ అట్లా అననేలేదు. కానీ మేనమామ అన్నాక ఆమాత్రం చేయాలి కదా. పెద్దబాపు తువ్వాల దులిపి, "ఐతె ఓడిండు. పిల్లను తోలు" అన్నాడు. గురువారం పొద్దున బావే పిల్లను బస్సు ఎక్కించి హాస్టలులో దింపి వచ్చాడు.

కథ అక్కడ ఆగలేదు. ఏడాది తిరగకముందే ఆ పాత చాంపియన్ మళ్లీ దిగి బొజ్జాయన్ను ఓడించి తన పట్టం తాను తెచ్చుకున్నాడు. బావ తెల్లవారకముందే మా తలుపు కొట్టాడు. "సూసినవా బామ్మర్దీ? నేనేమన్న? జారిండన్న. తీర్పు తప్పు. పిల్లను తీస్కొస్త." అన్నట్టే హాస్టలుకు పోయాడు. సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు. ఏమైందని అక్క పొడిచి పొడిచి అడిగితే, కాళ్లు కడుక్కుంటూ, "దానికి దెబ్బ తాకింది. లేశింది. నేను సూసిన" అన్నాడు. మళ్లీ ఆ ఇంట్లో ఆ ఊసు రాలేదు.

పిల్ల చాంపియన్ కాలేదు, ఆ మాట కూడా చెప్పాలి. గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ, మోకాలు ఒకటి పాడైంది. ఇప్పుడు పాలమూరు వైపు ఒక బడిలో ఆటల టీచరు, ఆడపిల్లలకు గ్లౌజులు తొడిగిస్తుంది. మరి ఆ బొజ్జాయన గెలుపుకు విలువెంత అని నన్నడిగితే, పట్టం కొన్ని నెలలే ఉండొచ్చు, మా ఇంట్లో మాత్రం అది ఇప్పటికీ దిగలేదంటాను. పెద్దబాపు పోయాడు. పాలకేంద్రం దగ్గర ఇప్పుడు మిషను పాలు కొలుస్తుంది, చీటీ ఇస్తుంది, ఎవరి దోవ వారిది. ఈ ఏడాది పడ్డవాడు జారి పడ్డాడో, ఓడి పడ్డాడో కూర్చుని తేల్చే జాగా లేదు, అడిగే మనిషి లేడు. పొద్దున పడ్డవాణ్ణి మధ్యాహ్నానికల్లా లోకం మరిచిపోతోంది.

ఇక ఒట్టు సంగతి. ఒక్క ముక్క కల్పించాను. ఆ సోమవారం నేను లేవలేదు.

అందరూ నా వైపు చూసింది నిజమే. బావ కూడా చూశాడు, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. జీవితమంతా అవసరం లేని చోట వెయ్యి అబద్ధాలాడినవాణ్ణి, ఒక్కటి అవసరమైన చోట నోరు పెగల్లేదు. "సౌండు సరిగ్గ లేదు పెద్దబాపూ" అని తల దించుకున్నాను. అప్పుడు పిల్లే ముందుకొచ్చింది. "కొట్లాడుతవా అనడిగిండు తాతా. కొట్లాడుత అనే అన్నడు. ఓడిన అనలే" అన్నది. ఉన్నదున్నట్టు. తన సీటును తన చేత్తోనే నీళ్లలో వదిలిందనుకున్నాం అందరం. పెద్దబాపు ఫోను వైపు చూసి, "నోరు కొట్లాడుత అన్నది. కాళ్లు ముంగటికొచ్చినయా బిడ్డా?" అన్నాడు.

"రాలే తాతా."

"ఐతె ఓడిండు."

ఆయన అన్నది ఆ చాంపియన్ను. తగిలింది నాకు. ఆ చోట నా అబద్ధాన్ని నిలబెట్టి ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లి పందిట్లో చెప్పుకుంటున్నాను, మా మేనకోడలు ఎదుట కూర్చుని విన్న ప్రతిసారీ ఒక్క మాట కాదనదు; వడ్డించేవాణ్ణి పిలిచి మామకు ఇంకో ముక్క వెయ్యమంటుంది.