ఒకే పూచీకత్తు, రెండు ధరలు

హాసింతో బరాగాన్ మంచి మేస్త్రీ. అసూయపరుడు కూడా. రెండో మాట దాచి అతడి గురించి రాస్తే అబద్ధమవుతుంది.

కాలిఫోర్నియాలో టైళ్ల పని సొంతంగా ఒప్పుకోవాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు నిలవాలంటే ఇరవై అయిదు వేల డాలర్ల పూచీకత్తు దాఖలై ఉండాలి. ఆ పూచీ మేస్త్రీని కాపాడదు. పని చెడితే పూచీ సంస్థ ఇంటాయనకు పరిహారం ఇచ్చి, ఇచ్చినదంతా మేస్త్రీ నుంచే రాబట్టుకుంటుంది. అతడు కట్టలేకపోతే లైసెన్సు ఆగిపోతుంది. ఈ కాగితానికి హాసింతో ఏటా కట్టే రుసుము రెండు వేల రెండు వందలు. అతడి చేతికింద పని నేర్చి వేరుపడ్డ నికనోర్ కట్టేది రెండు వందల యాభై.

తేడా పనితనంలో లేదు. భార్య ఒబ్దూలియాకు మూత్రపిండాలు పాడైన ఏడాది హాసింతో ఆసుపత్రి బిల్లులు క్రెడిట్ కార్డుల మీద కట్టి, వాయిదాలు తప్పాడు. పూచీ సంస్థ అతడు టైళ్లు వేసిన ఒక్క గోడనూ చూడలేదు. అప్పుల చరిత్ర చూసింది. భార్యను బతికించుకోజూసిన మనిషిని నమ్మరాని పనివాడిగా లెక్కగట్టి, ఆ లెక్కకు వివేకమని పేరు పెట్టుకున్నారు. దాన్ని నేను దోపిడీ అంటాను.

హాసింతో కోపం మాత్రం సంస్థ మీదికి పోలేదు, నికనోర్ మీదికి పోయింది. నికనోర్ కూతురికి జ్ఞానస్నానం వేళ జ్ఞానతండ్రిగా ఎత్తుకుని నిలబడింది అతడే. ఆ రోజు నుంచి ఇద్దరూ, ఆ బంధుత్వానికి తగ్గట్టు, ఒకరినొకరు "కంపాద్రే" అని పిలుచుకుంటూ, "నువ్వు" మాని "మీరు" అనుకునేవారు. నికనోర్ కొత్త ట్రక్కు తలుపు మీద పేరు రాయించుకున్నప్పుడు హాసింతో శుభాకాంక్షలు చెప్పాడు. ఇంటికొచ్చి ఒబ్దూలియాతో, అక్షరాలు వంకరగా ఉన్నాయన్నాడు. అవి వంకరగా లేవు.

అక్టోబరులో, ఫ్రెస్నో ఊరికి ఉత్తరాన ఉండే కెస్లర్ అనే ఇంటాయన ఫోన్ చేశాడు. నికనోర్ వేసిన స్నానాల గది గోడ టైళ్లు పగిలాయట. పూచీకత్తు మీద క్లెయిము పెట్టాడట. లైసెన్సున్న మరో మేస్త్రీ చూసి, వారంలోగా రాసివ్వాలట. హాసింతో ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

తాపీ పిడితో ఒక్కో టైలునూ తట్టాడు. నాలుగు మూలలా, నడిమధ్యలో గట్టి చప్పుడు. మిగతా అంతా డొల్ల. అయిదు ముద్దల సిమెంటు మాలు పెట్టి అదిమేసిన పని. చదరపు అడుగు లెక్కన కూలి ఇచ్చే రోజుల్లో, తొందరగా ముగించడానికి, నికనోర్‌కు దాన్ని నేర్పింది హాసింతోయే. నికనోర్ వేరుపడ్డాక అది తప్పని తెలిసి, తన పనిలో మానేశాడు. నికనోర్‌కు చెప్పలేదు.

పూచీ సంస్థ పంపిన ఫారంలో "మాలు సగానికన్నా తక్కువ" అని రాశాడు. తర్వాతి ప్రశ్న: ఇది పనివాడి నిర్లక్ష్యమా? అక్కడ కలం ఆగింది. అసలు నిర్లక్ష్యం ఎవరిదో అతడికి తెలుసు. కెస్లర్‌తో ఒక మాట మాట్లాడి, ఫారం మడిచి, నేరుగా నికనోర్ ఇంటికి వెళ్లాడు.

నికనోర్ భార్య రొసాల్బా తలుపు తీసింది. "రండి కంపాద్రే. తమాలేల వాసన మీ ఇంటిదాకా వచ్చిందా ఏంటి?"

"తినడానికి రాలేదండి."

"అయితే నిజంగానే ఏదో కొంప మునిగింది" అంటూ నికనోర్ వంటింట్లోంచి వచ్చాడు. "కెస్లర్ మిమ్మల్నే పిలిచాడటగా. ఎలా ఉంది నా పని?"

"అయిదు ముద్దలు."

"మీరు నేర్పినట్టే."

"తప్పు నేర్పాను. మాలు మొత్తం పరవాలి. లేకపోతే కింద డొల్లగా ఉండి పగులుతుంది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆరేళ్లయింది."

నికనోర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆరేళ్లు. పిల్ల పుట్టినరోజుకి ప్రతి ఏడూ వచ్చారు. నేను టైళ్లు వేసిన ఈ నేల మీదే నిలబడి బాగా వేశారన్నారు."

"మీకు రెండొందల యాభై, నాకు రెండువేల రెండొందలు. మీకు లేనిది ఏదో ఒకటి నా దగ్గర ఉండాలనిపించింది."

"ఆ రెండొందల యాభై కాగితం మీద నా సంతకమూ ఉంది" అంది రొసాల్బా. "వాళ్లు కెస్లర్‌కి కడితే రేపు ఈ ఇంటి మీదికొస్తారు. ఆ సంగతి ముందే తెలిస్తే చెప్పేవారా?"

హాసింతో మడిచిన ఫారం జేబులోంచి తీశాడు. "చెప్పేవాణ్ని కాదేమో."

"పోనీ, అబద్ధమాడలేదు" అంది ఆమె. తినమని మాత్రం మళ్లీ అడగలేదు.

"ఇప్పుడేం రాస్తారు?" అన్నాడు నికనోర్.

"ఉన్నదే రాస్తాను. నేర్పింది నేనని కూడా రాస్తాను. దానివల్ల మీకు ఒరిగేదేం లేదు. ఒప్పందం మీది, పూచీ మీది. కానీ ఈలోగా పీకి మళ్లీ వేస్తే క్లెయిము వెనక్కి తీసుకుంటావా అని కెస్లర్‌ని అడిగాను. సరేనన్నాడు."

మర్నాడు పొద్దున ఇద్దరూ కెస్లర్ ఇంట్లో పగిలిన టైళ్లు పీకారు. తడి లోపలికి దిగకుండా అడుగు పొర సరిచేశాక, మూడోరోజు హాసింతో గోడకూ టైలు వీపుకూ మాలు పరిచి చూపించాడు. నికనోర్ గంటలో పట్టేశాడు. అతడి తాపీ మాలులో గీసిన గీతలు హాసింతో గీతలకన్నా తిన్నగా వచ్చాయి. ఈ పద్ధతి తెలుసుకోవడానికే పనిలో ఇరవై ఏళ్లు పట్టింది తనకు. పాత అసూయ మళ్లీ తలెత్తింది.

పరీక్షకని చెరో టైలు ఊడదీశారు. నికనోర్ టైలు వెనక ఎక్కడా ఖాళీ లేదు. హాసింతో టైలుకు ఒక మూల, బొటనవేలంత మేర, మాలు అంటలేదు.

"అంతమాత్రానికి ఏం కాదు" అన్నాడు హాసింతో.

"మీ ఇంట్లో అయితే ఏం కాదు కంపాద్రే. ఈ గోడ నా పూచీ మీదుంది. గీకి మళ్లీ వేయండి."

హాసింతో మాలు గీకాడు. అదే టైలు తుడిచి, మళ్లీ వేశాడు.